నాలుగున్నర

పేపర్లో లోపలి పేజీ, అడుగున ఒక మూల, నాలుగు లైన్ల వార్త. అండమాన్ సముద్రంలో భూకంపం, తీవ్రత 4.5, భూమికి 10 కిలోమీటర్ల లోతున కేంద్రం, నష్టమేమీ లేదు, సునామీ ముప్పు లేదు. ఇలాంటి వార్త చదివినవాళ్లలో కొందరు "మళ్లీనా" అనుకుని పేజీ తిప్పేస్తారు. కొందరికి 2004 డిసెంబర్ గుర్తొచ్చి గుండె గుబేలుమంటుంది. ఇంకొందరు ఉంటారు, తర్కం తెలిసినవాళ్లు: "చిన్నచిన్నవి ఇలా వచ్చిపోతుంటే మంచిదేనండీ, లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది" అంటారు. ఈ ముగ్గురిలో ఎవరిదీ పూర్తిగా ఒప్పు కాదు. పైగా ఆ వార్తలోని అంకెల్లో ఒకటి అసలు కొలిచిన అంకె కాకపోవచ్చు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు నాలుగున్నర. 4 నుంచి 4.9 దాకా ఉన్నవాటిని భూకంప శాస్త్రజ్ఞులు తేలికపాటి భూకంపాలంటారు. ప్రపంచం మొత్తమ్మీద ఇవి ఏడాదికి దాదాపు 13 వేలు వస్తాయి. అంటే రోజుకు ముప్పై అయిదు. మీరు పొద్దున కాఫీ తాగి రాత్రి పడుకునేలోపు ఎక్కడో ఓ పాతిక వచ్చే ఉంటాయి. అందులో చాలా భాగం సముద్రం కిందే, భూమి పై పెంకులోని పలకలు ఒకదాని కిందికి ఒకటి దూరే చోట్ల. ఇలాంటి చోటునే సబ్డక్షన్ జోన్ అంటారు. మనకు దగ్గర్లో ఉన్నది అండమాన్, నికోబార్ దీవులకు పడమటి పక్కగా, ఉత్తరాన మయన్మార్ నుంచి దక్షిణాన సుమత్రా, జావా దాకా సాగే అగాధం. మనం నిలబడ్డ భారత పలక అక్కడ బంగాళాఖాతం అడుగుతో సహా తూర్పుకు వంగి, దీవుల కిందికి దిగిపోతోంది.

నాలుగున్నర భూకంపం వచ్చినప్పుడు లోపల నిజంగా జరిగేదేమిటి? సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పున్న ఒక రాతి అతుకు ఊడుతుంది. అతుక్కి ఇటూ అటూ ఉన్న రాయి ఒకదాని మీద ఒకటి ఆరేడు సెంటీమీటర్లు జారుతుంది. ఈ తతంగమంతా అర సెకనులో అయిపోతుంది. అంతే. ముప్పై కిలోమీటర్ల లోతున ఇది జరిగితే పైన సముద్రపు నేల లేచేది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. నేల లేవకపోతే దానిమీద నీళ్లు లేవవు. "సునామీ ముప్పు లేదు" అని అధికారులు ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే. అది మనల్ని ఊరడించడానికి చెప్పే మాట కాదు, లెక్క.

దీని పక్కన 2004 డిసెంబర్ 26ను పెట్టి చూడండి. మన టైము ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు ఉత్తర సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరానికి పరుగెత్తి, అండమాన్ దాకా 1,300 కిలోమీటర్లు సాగింది. దానికి పట్టింది దాదాపు పది నిమిషాలు. రాయి జారింది సెంటీమీటర్లు కాదు, కొన్నిచోట్ల పదిహేను, ఇరవై మీటర్లు. తీవ్రత 9.1. తీవ్రత అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. ఆ లెక్కన 4.5కీ 9.1కీ మధ్య తేడా దాదాపు 80 లక్షల రెట్లు. పేపర్లో రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే ఒకటి రెండోదానికి సగం అనిపిస్తుంది. ఈ కొలమానంలో ఉన్న పెద్ద చిక్కు అదే. సామాన్యుడి కంటికి ఇంతగా దారి తప్పించే కొలత ఇంకొకటి ఉంటుందనుకోను.

ఇప్పుడు ఒత్తిడి తగ్గిపోతుందన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. 2004లో ఒక్క పొద్దున బయటపడ్డ శక్తిని నాలుగున్నరలతో చిల్లరగా తీర్చాలంటే 80 లక్షల భూకంపాలు కావాలి. రోజుకొకటి చొప్పున వచ్చినా 21 వేల ఏళ్లకు పైగా పడుతుంది. అప్పు అంత పెద్దది, చెల్లింపు ఇంత చిన్నది. చిన్నవి వచ్చినందువల్ల పెద్దది ఆగదు, కనీసం చెప్పుకోదగ్గంత ఆలస్యమూ కాదు.

పోనీ, చిన్నది పెద్దదానికి సూచనా? 1944లో బెనో గుటెన్‌బర్గ్, చార్లెస్ రిక్టర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఒక లెక్క తేల్చారు. తీవ్రత ఒక మెట్టు దిగితే భూకంపాల సంఖ్య పది రెట్లవుతుంది. అది ప్రపంచమంతటా దాదాపుగా నిలిచింది. 4లలో ఉన్నవి ఏడాదికి 13 వేలైతే, 5లలో 1,300, 6లలో 130, 7లలో 15, 8 దాటినది ఏడాదికి ఒకటి. ఈ వరుస చూస్తేనే తెలుస్తుంది, 13 వేలలో దాదాపు అన్నీ తమంతట తాము వచ్చి, తమంతట తాము ఆగిపోయేవే. కొన్ని మాత్రం నిజంగానే ముందు నడిచేవి ఉంటాయి. జపాన్‌లో 2011 మార్చి 9న సముద్రంలో 7.3 వచ్చింది. రెండు రోజుల తరవాత, మార్చి 11న, అక్కడే 9 తీవ్రతతో మహా భూకంపం. మొదటిదాన్ని ముందస్తు కంపమని అందరూ అన్నారు, కానీ ఆ మాట అన్నది రెండోది వచ్చాక. 9వ తేదీ సాయంత్రం దాని గ్రాఫు ఎంత పరీక్షించినా అందులో ప్రత్యేకంగా కనిపించేదేమీ లేదు. ఇవాళ్టికీ పరిస్థితి అంతే.

ఇక లోతు సంగతి. భూకంపం ఎంత దూరంలో వచ్చిందో కనిపెట్టడం తేలిక. భూమి లోపలి నుంచి రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. ముందు వచ్చేది నెట్టుకుంటూ వచ్చే పీ తరంగం, వెనక నింపాదిగా వచ్చేది అడ్డంగా ఊపే ఎస్ తరంగం. రెంటికీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి ఎనిమిదితో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వచ్చేస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో పన్నెండు సెకన్ల తేడా కనిపిస్తే కేంద్రం దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అదే పీ తరంగం 1,200 కిలోమీటర్లు దాటి విశాఖపట్నం చేరడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది.

కానీ వంద కిలోమీటర్లు ఏ దిక్కున? అండమాన్, నికోబార్ దీవులు ఉత్తర దక్షిణాలుగా ఒకే గీత మీద ఉన్నట్టుంటాయి. పరికరాలు పెట్టడానికి ఆ గీత మీదే నేల ఉంది, మిగతాదంతా నీళ్లు. గీత మీద నిలబడి కొలిచేవాడికి కంపం పడమటి పక్కన వచ్చిందా, తూర్పు పక్కన వచ్చిందా అన్నది తేలడం కష్టం. పెద్ద భూకంపమైతే చిక్కు లేదు. తమిళనాడు, థాయిలాండ్, సుమత్రా, ఇంకా దూరాన ఉన్న కేంద్రాల్లో స్పష్టంగా గీతలు పడతాయి, నలువైపుల నుంచీ కేంద్రాన్ని బంధించవచ్చు. నాలుగున్నర అయ్యేసరికి వెయ్యి కిలోమీటర్ల అవతల దాని గీత సముద్రపు అలల రొదలో సగం కలిసిపోతుంది.

లోతు తేల్చడం ఇంకా కష్టం. కేంద్రానికి సరిగ్గా పైన, దగ్గర్లో ఒక పరికరం లేకపోతే, పది కిలోమీటర్ల లోతున వచ్చినా ముప్పై కిలోమీటర్ల లోతున వచ్చినా దూరాన ఉన్న స్టేషన్లలో టైములు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. అప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుంది? లోతును ఒక అంకె దగ్గర కట్టేసి, మిగతా లెక్క పూర్తి చేస్తుంది. ఆ అంకే 10. ఒకప్పుడు 33 వాడేవారు, కాబట్టి పాత జాబితాల్లో 33 కిలోమీటర్ల లోతున భూకంపాలు కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. ఇప్పటి జాబితాల్లో 10 అలాగే కనిపిస్తుంది. అన్నిసార్లూ అలాగే అని కాదు, కొన్ని నిజంగానే పది కిలోమీటర్ల దగ్గర వస్తాయి. అయితే సముద్రంలో వచ్చిన చిన్న భూకంపానికి లోతు సరిగ్గా 10 అని కనిపిస్తే దాన్ని "తెలియదు" అని చదువుకోవడమే మంచిది. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ సీస్మోలాజికల్ సెంటర్ అని ఒకటుంది. ప్రపంచంలోని స్టేషన్లలో నమోదైన తరంగాల టైములన్నీ తెప్పించుకుని, ఒక్కో భూకంపాన్నీ మళ్లీ లెక్కకట్టి తుది జాబితా వేస్తుంది. ఆ జాబితా రావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. పేపర్ వార్తకు ఆ ఓపిక ఎక్కడిది?

ఈ లోతు కోసం ఇంత గొడవ ఎందుకంటే, భూమి లోపలికి పలకలు దిగుతున్నాయని మనకు మొదట చెప్పింది ఆ లోతులే. 1920లలో జపాన్‌లో కియో వదాటి అనే యువకుడు వాతావరణ పరిశోధనశాలలో పనిచేస్తూ ఎస్, పీ తరంగాల టైములను ఓపిగ్గా పోల్చాడు. భూకంపాలన్నీ పైపైనే వస్తాయని ఎక్కువమంది నమ్మే రోజులవి. కొన్ని మూడు వందల కిలోమీటర్లకు పైగా లోతున వస్తున్నాయని 1928లో అతను చూపించాడు. తరవాత వాటన్నిటినీ పటం మీద పెట్టి చూస్తే, జపాన్ తూర్పు తీరం దగ్గర పైపైన మొదలై, ఆసియా ఖండం వైపు పోయేకొద్దీ లోతు పెరుగుతూ, ఏటవాలుగా ఒక పొర తేలింది. అమెరికాలో హ్యూగో బెనియాఫ్ ఇలాంటి పొరల్నే పసిఫిక్ చుట్టూ ఇతర చోట్ల కనిపెట్టాడు. అది కిందికి దిగుతున్న పలక అని చెప్పగలిగే సిద్ధాంతం మాత్రం ఇంకా పుట్టలేదు.

దానికి అణుబాంబులు తోడ్పడ్డాయి. సోవియట్లు భూగర్భంలో దొంగచాటుగా బాంబులు పేలిస్తే పట్టుకోవాలని 1960ల మొదట్లో అమెరికా అనేక దేశాల్లో వందకు పైగా ఒకే రకం సిస్మోగ్రాఫులు పెట్టించింది. బాంబుల కోసం వేసిన వలలో చిన్న భూకంపాలు వేలకొద్దీ పడ్డాయి. 1968లో ఐజాక్స్, ఆలివర్, సైక్స్ అనే ముగ్గురు టోంగా దీవుల కింద వచ్చిన భూకంపాలను చూపించి, ఈ వాలు పొర నిజంగా చల్లని, గట్టి పలకేనని, అది కిందికి పోతోందని తేల్చారు. చిన్న భూకంపాలు లేకపోతే ఆ బొమ్మ వచ్చేదే కాదు. ఒక్కో చోట పెద్దవి శతాబ్దానికి ఒకటో రెండో పడితే వాటితో గీత గీయడం ఎలా?

అండమాన్‌లోనూ అంతే. తేలికపాటి భూకంపాలను ఏళ్ల తరబడి పోగేసి పక్క నుంచి చూస్తే, దీవులకు పడమర సముద్రం అడుగున మొదలై తూర్పుకు పోతూ 150 కిలోమీటర్ల దాకా దిగే వాలు కనిపిస్తుంది. కాబట్టి అక్కడ నాలుగున్నర వచ్చిందంటే మొదటి ప్రశ్న, ఎక్కడ అని. అగాధానికి అవతల, పలక వంగే మూపు మీదా? రెండు పలకలూ ఒరుసుకునే అతుకు మీదా? లోపలికి దిగిన పలక కడుపులోనా? పైనున్న పలకలోనా? కడుపులో వచ్చేవి వేరే కథ. సముద్రం అడుగున కోట్ల ఏళ్లు నానిన రాయి, ఖనిజాల్లో నీటిని బంధించుకుని కిందికి పోతుంది. వేడి, ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ నీరు విడుదలై రాయి పెళుసెక్కి విరుగుతుంది. అదే నీరు పైకి ఎక్కి, పైనున్న రాయి కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 135 కిలోమీటర్ల దూరాన బారెన్ దీవి అగ్నిపర్వతం రగలడానికి కారణం అదే. భారతదేశంలో పనిచేస్తున్న అగ్నిపర్వతం అదొక్కటే. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది.

పైనున్న పలకదీ తక్కువ అల్లరి కాదు. దీవులకు తూర్పున అండమాన్ సముద్రం అడుగు నేల నడిమికి చీలి, రెండు పక్కలకూ జరుగుతోంది. 2005 జనవరి ఆఖరులో, మహా సునామీ వచ్చిన నెల రోజులకు, అక్కడ కొద్ది రోజుల్లోనే 5 దాటిన భూకంపాలు 150కి పైగా వచ్చాయి. సునామీ భయంలో ఉన్న జనానికి అప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అవి మాత్రం అగాధంలోని అతుకు మీద వచ్చినవి కావు. వాటితో సునామీ వచ్చే అవకాశం లేనట్టే.

అతుకు ఎటు జారిందో చెప్పే పద్ధతి ఒకటుంది, నాకు భూకంప శాస్త్రంలో అన్నిటికన్నా ముచ్చటైనది అదే. గ్రాఫు మీద పీ తరంగం పడ్డ మొట్టమొదటి కదలిక చూడండి, గీత పైకి లేచిందా, కిందికి దిగిందా? పైకి లేస్తే నేల ఆ స్టేషన్ వైపు నెట్టుకొచ్చిందని, దిగితే అవతలికి లాక్కుపోయిందని అర్థం. ఏ ఏ దిక్కుల్లో నెట్టింది, ఎక్కడెక్కడ లాగింది అని పటం మీద గుర్తు పెడితే, వందల కిలోమీటర్ల అవతల నీళ్ల కింద, ఎవరూ చూడని చోట రాయి ఏటవాలుగా పైకెక్కిందా, కిందికి జారిందా, పక్కకు కోసుకుపోయిందా అన్నది తేలిపోతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమర 8.6 వచ్చింది. చెన్నైలో, మన కోస్తాలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. సునామీ మాత్రం పేరుకే వచ్చింది. అక్కడ రాయి పక్కకు జరిగింది, సముద్రపు నేలను ఎత్తలేదు. అంత పెద్ద భూకంపం కూడా ఎటు జారిందన్నదాన్ని బట్టే నీళ్ల మీద ప్రభావం చూపుతుంది.

2014 మే 21 రాత్రి విశాఖలో, భువనేశ్వర్‌లో, చెన్నైలో మంచాలు ఊగాయి. బంగాళాఖాతం మధ్యలో, సుమారు యాభై కిలోమీటర్ల లోతున 6 తీవ్రత. అది అగాధం పని కాదు. కిందికి దూరడానికి పోతున్న పలక దారి మధ్యలోనే మెలిపడి ఎక్కడో విరిగింది. "బంగాళాఖాతంలో భూకంపం" అన్న ఒకే మాట కింద ఇలా పొంతనలేని సంగతులు ఎన్నో ఉంటాయి.

హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో 6.5 దాటితేనే అక్కడ సునామీ లెక్కలు మొదలవుతాయి. నాలుగున్నర వాళ్ల గుమ్మం తొక్కదు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర జాలరులు తరాలుగా ఉంటున్నారు. దీవుల జనాభాలో నూటికి సుమారు పదమూడు మంది తెలుగువాళ్లే. వాళ్లకు చిన్నవాటితో అలవాటే. మంచం ఊగి ఆగిపోతే చిన్నది. అర నిమిషం దాటినా ఆగకుండా ఊగుతుంటే మాత్రం అది పెద్ద చీలిక. అప్పుడు హెచ్చరిక కోసం చూడకుండా మెట్ట ఎక్కాలి. అక్కడ అల రావడానికి పట్టేది గంటలు కాదు, నిమిషాలే.

అండమాన్ అగాధం గురించి పాత కాగితాల్లో కూడా సంగతులున్నాయి. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దాని సునామీ ఎత్తు మీటరు కూడా లేదు గానీ, బంగాళాఖాతం చుట్టూ రేవుల్లో పోటుపాటులు కొలిచే ఎనిమిది పరికరాలు ఆ అలను కాగితం మీద గీసిపెట్టాయి. దాని గురించి 1884లో రాసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్, 1897 అస్సాం భూకంపం గ్రాఫుల్లోంచి పీ, ఎస్ తరంగాలను విడదీసి చూపినవాడు. 2003లో ఇద్దరు పరిశోధకులు ఆ పాత గీతలను మళ్లీ లెక్కగట్టి 1881 భూకంపానికి 7.9 తీవ్రత కట్టారు. ఆ మరుసటి ఏడాదే 9.1 వచ్చింది.

చివరగా, చిన్న భూకంపాలు రాని చోటు గురించి. వానాకాలంలో ఉబ్బిన తలుపు ఎంత తోసినా కిర్రుమనదు, బిగుసుకునే ఉంటుంది. అమెరికా పడమటి తీరంలో, కెనడా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా ఉన్న కాస్కేడియా అలాంటిది. సియాటెల్, పోర్ట్‌లాండ్ దానికి దగ్గరి ఊళ్లే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లు ఎందరో అక్కడున్నారు. అక్కడి అతుకు మీద చిన్నాచితకా భూకంపాలు కూడా దాదాపు రావు. అందుకే ఆ పలక మెల్లగా, నిరపాయంగా జారిపోతోందని చాలాకాలం అనుకున్నారు. తీరం వెంబడి ఉప్పునీటిలో మునిగి చచ్చిన అడవుల మొదళ్లు వేరే కథ చెప్పాయి. 1700 జనవరి 26 రాత్రి అక్కడ 9 తీవ్రతకు దగ్గరగా భూకంపం వచ్చింది. తేదీ ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం, కంపం లేకుండానే తీరాన్ని తాకిన ఒక అలను జపాన్ ఊళ్లలో లెక్కలు రాసేవాళ్లు రాసిపెట్టడమే.

కాబట్టి అక్కడి శాస్త్రజ్ఞులకు నాలుగున్నర పాటి భూకంపం దొరకడమే గొప్ప. 2004 జులైలో ఓరెగాన్ తీరానికి అవతల సముద్రంలో 4.9 వచ్చింది. ఆగస్టులో 4.8. నష్టం లేదు, పెద్ద వార్తా కాదు. ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాటి గీతలు విడదీసి చూస్తే, రెండిట్లోనూ రాయి తక్కువ వాలుతో పైకెక్కింది. అంటే బహుశా బిగుసుకుపోయి ఉందనుకున్న అతుకు మీదే, రెండుచోట్ల, కొద్దిగా జారింది. మిగతా అంతా కదలనప్పుడు అక్కడే ఎందుకు జారింది? కిందికి దిగుతున్న పలక మీద ఉన్న పాత సముద్ర పర్వతమేదైనా ఆ చోట ఇరుక్కుందా? ఆ ప్రశ్న పట్టుకుని వాళ్లు పడవలు వేసుకెళ్లి, సముద్రం అడుగుకు సిస్మోమీటర్లు దించారు.